సీలు విప్పని డిస్కు

ఆమె భర్తకు యానిమే, అంటే జపాన్ కార్టూన్ సినిమాల సంగీతమంటే ప్రాణం. ప్రతి డిస్కూ రెండేసి కొంటాడు, ఒకటి వినడానికి, ఇంకోటి సీలు విప్పకుండా అద్దాల బీరువాలో దాచుకోవడానికి. "వాటి మీద చెయ్యి వెయ్యకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అని రోజూ చెప్పి మరీ ఆఫీసుకెళ్తాడు.

వాళ్ల చంటిపాప జోలపాటకు పడుకునే రకం కాదు. రాక్షసుల యుద్ధం డిస్కు పెడితేనే కళ్లు మూస్తుంది. ఆ మధ్యాహ్నం ఆ వినే డిస్కునే నోట్లో పెట్టుకుని కొరికేసింది. ఇక గంటసేపు ఒకటే ఏడుపు. తల్లి పాప నుదురు నాలుగుసార్లు తాకి చూసింది, జ్వరం లేదు. ఆఖరికి బీరువా తెరిచి, అదే డిస్కు రెండోది బయటికి తీసింది.

గోటితో సీలు గీరితే అది చిరగలేదు, మెత్తగా సాగింది. ఆ సాగుడు ఆమెకు బాగా తెలుసు. మిగిలిపోయిన కూరల గిన్నెల మీద రోజూ తను చుట్టే ప్లాస్టిక్కే. లోపల డిస్కు మీద ఆయన వేలిముద్రలు.

యుద్ధం మొదలవగానే పాప పడుకుంది. ఆమె డిస్కును మళ్లీ అదే ప్లాస్టిక్కులో చుట్టి పెట్టేసింది.

సాయంత్రం ఆయన బీరువాలోకి తొంగిచూసి, "ఎవరూ ముట్టుకోలేదుగా?" అన్నాడు.

"మీరెలా పెట్టారో అలాగే ఉంది," అంది. "అన్నట్టు, వంటింట్లో ప్లాస్టిక్ చుట్ట అయిపోవచ్చింది. ఈసారి పెద్దది తెండి, ఇద్దరికీ సరిపోవాలి."