ఉమ్మడి పేరా

కాలేజీ బ్యాచ్‌లో ఎవరికి మేలు జరిగినా ఆ కబురు జయప్రకాశ్‌కు ముందు కడుపులో తెలిసేది, తరువాత తలకెక్కేది. తనతో పాటు ఆర్కిటెక్చరల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నవాడొకడు బెంగళూరులో మెట్రో స్టేషన్లకు నమూనాలు గీస్తున్నాడని విన్న పూట అతను కంచం ముందు నుంచి సగంలో లేచాడు. మరొకతె పాత కోటల మరమ్మతులో పేరు తెచ్చుకున్నదని తెలిసినప్పుడు, కొత్తది కట్టడం చేతకానివాళ్లే పాతవాటికి సున్నం పూస్తారని తేల్చేశాడు. ఎవరికో కవలలు పుట్టారన్నా, ఎవరి కూతురికో మెడిసిన్‌లో సీటు వచ్చిందన్నా, తనకు రావలసిన వాటా ఏదో ఆ వార్తలో దారి తప్పి వాళ్లింటికి పోయినట్టు తోచేది. ఇది అన్యాయమని అతనికి తెలియకపోలేదు. తెలిసినంత మాత్రాన అసూయ తగ్గుతుందనడానికి మాత్రం ఇంతవరకు ఎవరూ ఆధారం చూపలేదు.

ఆ బ్యాచ్‌కు ఒక ఆనవాయితీ ఉంది. అయిదేళ్లకోసారి కబుర్ల సంచిక అచ్చు వేస్తారు. ఎవరు ఎక్కడ ఏం కడుతున్నారు, ఇంట్లో ఎవరెవరున్నారు, పిల్లలేం చదువుతున్నారు అన్నవి అందులో ఉంటాయి. మొదటి సంచికలో ఎవరి సంగతి వాళ్లే రాసుకున్నారు. తీరా అచ్చయ్యాక చూస్తే పుస్తకం మొత్తంలో ఓడిపోయినవాడు ఒక్కడూ లేడు. హైదరాబాద్‌లో పాఠాలు చెప్పే ప్రభాకర్ దానికి సంపాదకుడు. నియమం మార్చింది అతనే. ఇకమీదట ఎవరి గురించి వాళ్లు రాయకూడదు. చీటీ తీయాలి. ఎవరి పేరు వస్తే వాళ్ల దగ్గరకు పోయి, కట్టిన కట్టడాన్ని కళ్లారా చూసి, వాళ్లు పెట్టిన అన్నం తిని, ఆ తరువాత రాయాలి. దీనికి అనుబంధంగా మరో చిన్న నియమం ఉంది: బ్యాచ్‌లోనే ఒకరినొకరు పెళ్లాడిన దంపతులుంటే ఇద్దరికీ కలిపి ఒకటే పేరా. అటువంటి జంట ఒక్కటే ఉంది. జయప్రకాశ్, నాగలత.

గత సంచికలో వాళ్ల పేరా ఇలా ఉంది: 'జయప్రకాశ్ ఖమ్మంలో సొంత సంస్థ నడుపుతున్నాడు. మునిసిపల్ అనుమతుల ప్లాన్లు, ఇళ్ల నిర్మాణం, వాస్తు దిద్దుబాట్లు. నాగలత ఆయనకు చేదోడు. ఒక కొడుకు.'

ఇందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ సంస్థ నుంచి బయటకు పోయే ప్రతి నక్షాలోనూ ప్రతి గీతా నాగలతది. జయప్రకాశ్ పని గిరాకీలను తెచ్చుకోవడం, వాళ్లతో మాట్లాడడం, కింద సంతకం పెట్టడం. మెట్లు అటు కాదు ఇటుండాలనీ, వంటిల్లు ఆ మూలకు జరగాలనీ ఎవరైనా సిద్ధాంతిని వెంటబెట్టుకుని వస్తే అతను గంభీరంగా తల ఊపేవాడు. వాస్తు మీద అతనికి నమ్మకం ఇసుమంత కూడా లేదు. దాని మీద నడిచే ఆఫీసు మాత్రం ఉంది.

చైత్రంలో ప్రభాకర్ ఫోన్ చేసి చీటీల సంగతి చెప్పాడు. జయప్రకాశ్ దంపతుల పేరు సంపాదకుడికే వచ్చింది. ఈసారి ఖమ్మం వచ్చే తీరిక లేదనీ, వాళ్ల సంగతులు ఫోన్‌లోనే రాసుకుంటాననీ అన్నాడు. జయప్రకాశ్‌కు వచ్చిన పేరు పద్మప్రియ.

పద్మప్రియ! చివరి సంవత్సరం సెమినార్‌లో వాస్తును పొరలు పొరలుగా ఒలిచి, లెక్చరర్లు కూడా చప్పట్లు కొట్టేలా చేసిన మనిషి. ఆ రోజు ఆమె తరువాత మాట్లాడవలసినవాడు జయప్రకాశ్. హాలు సగం ఖాళీ అయింది. ఇప్పుడామె భర్త అనిల్‌కుమార్ మణుగూరు గనుల్లో ఇంజనీరు. ఆమె అక్కడి కాలనీలో ఉంటూ చుట్టుపక్కల అడవి ఊళ్లకు బడులూ గోదాములూ కట్టిస్తున్నది. టేకులపల్లి దగ్గర ఆమె కట్టిన ఇప్పపువ్వు గోదాముకు ఈ మధ్యనే ఏదో బహుమతి కూడా వచ్చింది. ఆ వార్త పేపర్లో చూసిన రోజు జయప్రకాశ్ బిల్లు మీద పేపరు వేసే పిల్లవాడితో తగవు పెట్టుకున్నాడు.

"ఈసారి నాది నాకు సెపరేటుగ రాయమని చెప్పు ప్రభాకర్‌కు," అన్నది నాగలత, గీస్తున్న నక్షా మీద నుంచి తల ఎత్తకుండానే. ఇద్దరూ ఒకే తరగతి కాబట్టి ఏకవచనం కాలేజీ నాటిదే. పెళ్లి దాన్ని మార్చలేదు.

"ఏంది కొత్తగ? ఉన్నదాంట్ల ఏం తక్కువైంది?"

"చేదోడు అని ఉంది గదా, గదే తక్కువైంది."

"గా పద్మ ఎక్కించిందా నీకు?"

"ఆమెకేం పని? నీ దాంట్ల ఒక్క అక్షరం గుంజుకోను జేపీ. నాది నాకు రాయమంటున్న. నువ్వే చెప్పు, నేనడిగితే మొగుడూ పెండ్లాలు కొట్లాడుకున్నరనుకుంటడు."

"చెప్త తీ," అన్నాడు. చెప్పలేదు. పేరా రెండుగా చీలితే ఆమె ముక్కలో ఏం పడుతుందో అతనికి బాగా తెలుసు. తన ముక్కలో ఏం మిగులుతుందన్నదే తెలియలేదు. ఈ ఆలోచన భార్యకు దానంతటదే వచ్చిందంటే నమ్మడం కష్టం. పద్మప్రియను చూసే పుట్టి ఉంటుంది. ఆ పద్మప్రియ గొప్ప ఉత్తదేనని తేలితే నాగలత పట్టుదల కూడా చల్లారుతుంది. ఇల్లెందు మీదుగా కారు నడుపుతున్నంత సేపూ జయప్రకాశ్ ఈ లెక్కే కట్టుకున్నాడు. టేకులపల్లి దగ్గరపడే సరికి, ఆ గోదాములో ఏదో ఒక తప్పు ఉండి తీరాలన్న నిశ్చయానికి వచ్చాడు.

కారు దిగి గోదాము చుట్టూ ఒకసారి తిరిగాడు. అది బాగుంది. గూనపెంకుల కప్పు కిందికి వాలి ఉన్నా లోపల చీకటి లేదు. గాలి ఒక వైపు నుంచి వచ్చి పైనుంచి పోతున్నది. ఎండిన ఇప్పపువ్వు వాసన తియ్యగా, కొంచెం మత్తుగా ఉంది. ముందున్న పొడవాటి అరుగు మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని పువ్వులోని పుల్లలూ ఆకులూ ఏరుతున్నారు.

"ఏంది జేపీ, పొట్టకు కూడ పర్మిషన్ తీసుకున్నవా మునిసిపాల్టీల?" అంటూ పద్మప్రియ ఎదురొచ్చింది.

"అది అక్రమ కట్టడం," అన్నాడతను. నవ్వు తెచ్చుకోవడం కొంచెం కష్టమైంది.

"లతను తీసుకరాలేదేంది? ఇది చూసి నాకన్న ఆమె ఎక్కువ సంబరపడేది."

"ఆమెకు ఆఫీసుల పనుంది."

ఆడవాళ్ల సంఘానికి పెద్ద అయిన ముత్తక్క అరుగు మీద నుంచే అతన్ని ఎగాదిగా చూసింది. "సారు ఏం రాయనీకి వచ్చిండమ్మా? మళ్ల బహుమతిస్తరా?"

"లేదక్కా, మా దోస్తు. నా గురించి మంచిగ రాస్తడు."

"మంచిగ రాసెటోడైతే మొకం గట్లెందుకు పెట్టిండు?" అన్నది ముత్తక్క. అరుగంతా ఘొల్లుమన్నది.

అన్నం కారియర్‌లో వచ్చింది. తింటూ పద్మప్రియ తన కబుర్లు చెప్పింది: కూతురు హన్మకొండలో లా చదువుతున్నది, అనిల్‌కుమార్‌కు నడుం నొప్పి, అత్తగారికి కళ్ల ఆపరేషన్ అయింది. జయప్రకాశ్ ఊ కొడుతూనే కట్టడాన్ని కళ్లతో తడుముతున్నాడు. అప్పుడు కనిపించింది.

రోడ్డు అక్కడ ఐమూలగా పోతుంది కనుక స్థలం ఆగ్నేయానికి చూస్తున్నది. గోదాము తక్కిన గోడలన్నీ రోడ్డును పట్టుకుని తిన్నగా ఉన్నాయి. ముందు గోడా, దాన్ని ఆనుకున్న అరుగూ మాత్రం ఆ వరుస తప్పి పక్కకు తిరిగాయి. చేయి కడుక్కునే నెపంతో లేచి, ఫోన్‌లో దిక్సూచి తీసి చూశాడు. ముందు గోడ సరిగ్గా తూర్పును చూస్తున్నది. దిక్కులకు కుదరని స్థలాన్ని విదిక్కు స్థలమంటారు. దానికి వాస్తు సిద్ధాంతులు చెప్పే మందు ఇదే, గడప తూర్పుకు తిప్పమనడం. ఖమ్మంలో జయప్రకాశ్ ఎన్ని ఇళ్ల గడపలను ఇలా తిప్పలేదు!

అతని లోపల ఎన్నేళ్లుగానో బిగుసుకున్నదేదో ఒక్కసారిగా వదులైంది. సెమినార్‌లో చప్పట్లు కొట్టించుకున్న పద్మప్రియ కూడా చివరికి దిక్కులకు దండం పెట్టింది! తాను పొట్టకూటికి ఒంగితే ఆమె బహుమతి కోసం ఒంగింది. ఎందుకు తిప్పావని అడగాలన్న బుద్ధి ఒక క్షణం మెదిలింది. అడిగితే ఆమె ఏదో జవాబు చెబుతుంది. జవాబు చెబితే ఈ సంతోషం ఉండకపోవచ్చు. అడగలేదు. పరీక్ష అక్కరలేదని తానే నిర్ణయించుకున్నవాడికి ఋజువు దొరకడం చాలా సులువు.

ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాడు. పెంకులను మెచ్చుకున్నాడు, గాలిని మెచ్చుకున్నాడు, పద్మప్రియ వంటను కూడా మెచ్చుకున్నాడు. ఇంత మెచ్చుకోలు మధ్య ఒక్క ముల్లు ఉంటే ఎవరూ దాన్ని అసూయ అనరు. 'ఒకప్పుడు వాస్తును చీల్చి చెండాడిన మన పద్మప్రియ, విదిక్కు స్థలంలో అరుగును తెచ్చి తూర్పు గడపలో కూర్చోబెట్టింది. వయసుతో పాటు దిక్కులూ తెలిసివస్తాయి కాబోలు!' ఈ వాక్యం అతనికి ఎంత నచ్చిందంటే, నాగలతను పిలిచి చదివి వినిపించాడు.

ఆమె చివరిదాకా విన్నది. "ఆ అరుగు తిప్పింది నేను," అన్నది.

"ఏందీ?"

"రోడ్డు వెంబడి కడితే పొద్దు తిరిగినంక ఒక కొస ఎండలనే ఉంటది. ఆ కొసకు కూసున్నోళ్లు మాడిపోతరు. తూర్పుకు తిప్పితే పొద్దటి ఎండకు పువ్వు ఎండుతది, అన్నాలు తినే యాళ్లకు గోడ నీడ అరుగంత పరుచుకుంటది, కూసుని ఏరుకోవచ్చు. పద్మకు ఆ మూల తెగలేదు, నన్నడిగింది. నీడలు లెక్కేసి గీసిచ్చిన."

"నాతోని చెప్పలేదేంది మరి?"

"చెప్పిన. నువ్వు ఫోన్ చూసుకుంట అవ్ అవ్ అన్నవ్. ఇంతకు అక్కడ పద్మను అడగలేదా, ఎందుకు తిప్పినవని?"

జయప్రకాశ్ కాగితం వైపు చూశాడు. తాను ఎగతాళి చేసింది పద్మప్రియను కాదని తెలిసినందుకు సిగ్గు కలగాలి. కలిగింది కూడా. కానీ దాన్ని తోసుకుంటూ ఇంకోటి ముందుకొచ్చింది: బహుమతి వచ్చిన కట్టడంలో అన్నిటికన్నా మంచి గీత తన ఇంట్లో, తన ఆఫీసు బల్ల మీద పుట్టింది, అందులో తన సంతకం లేదు. ఇన్నాళ్లూ మణుగూరులో ఉందనుకున్న మంట ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి అతని వైపు చూస్తున్నది.

"ఆ ముక్క తీసేస్త," అన్నాడు.

"తీసెయ్యకు. సరిజేసి రాయి. ఎందుకు తిప్పిన్రో రాయి."

"నీ పేరు కూడ రాయాల్నా?"

"నీకు రాయాలనిపిస్తే రాయి."

అతనికి అనిపించలేదు. అరుగు సంగతి మొత్తం కొట్టివేసి, పెంకులూ గాలీ వంటా మిగిల్చి, ప్రభాకర్‌కు పంపేశాడు. నాగలత మళ్లీ అడగలేదు.

వారం తిరగకముందే ఒక సాయంత్రం ప్రభాకర్ ఫోన్ చేశాడు. జయప్రకాశ్ టీ కప్పు చేతిలో పట్టుకుని ఉన్నందున ఫోన్‌ను బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేశాడు. ఎదురుగా నాగలత స్కేలుతో ఏదో కొలుస్తున్నది.

"మంచిగ రాసినవ్ జేపీ, చదివిన. గని ఒక్కటే ముచ్చట. పద్మ ఫోటో పంపింది. ముందల అరుగు రోడ్డుకు ఓరగ తిరిగుంది. అసలు బిల్డింగంత ఆ అరుగులనే ఉంది, నువ్వేమో దాని ఊసే ఎత్తలేదు. ఏంది దాని కథ? ఎవలు గీసిన్రు?"

నిజం చెప్పడానికి అది మంచి సమయం. ఎదురుగా నిజం కూర్చుని ఉంది. నాగలత స్కేలు ఆపింది. రెండు మాటలు చాలు: లత గీసింది. జయప్రకాశ్ ఆ మాటల కోసమే నోరు తెరిచాడు. అతనికి తరువాత కూడా అలాగే గుర్తుంది.

"అది మా ఆఫీసులనే గీసినం," అన్నాడు.

"అబ్బ! మీరా? ముందే చెప్పొద్దురా? సరే, మీ ఇద్దరి పేరాల ఎక్కిస్త. 'టేకులపల్లి గోదాము అరుగు జయప్రకాశ్ సంస్థ నమూనా.' బాగుంటదా?"

"బాగుంటది," అన్నాడు జయప్రకాశ్.

నాగలత చేయి చాచి ఫోన్ తన వైపు జరుపుకున్నది. స్పీకర్ తీసేయలేదు. కోపం ఉన్నట్టు కూడా కనిపించలేదు. చాలాకాలంగా వాయిదా పడిన పనిని ముందేసుకున్న మనిషిలా ఉంది.

"ప్రభాకర్, నేను లతను. నాది నాకు సెపరేటుగ రాయి."

"అట్లెట్ల లతా? జంటకు ఒకటే అని మనమే రూల్ పెట్టుకున్నం గదా."

"రూల్ పెట్టినప్పుడు నన్ను అడగలే. ఆ అరుగు నేను గీసిన. ఆఫీసు గాదు, నేను. రాసుకో."

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "చెప్పు," అన్నాడు ప్రభాకర్.

ఆమె చెప్పసాగింది. ముదిగొండలో మిర్చి రైతుల షెడ్డు. కరెంటు పోయినా ఉక్కపోయని దవాఖానా వార్డు. మధిర వైపు ఒక బడి, దాని కిటికీలు పిల్లల ఎత్తుకు దించిన సంగతి. ఇవన్నీ ఆఫీసు పనులే. అన్నిటి మీదా జయప్రకాశ్ సంతకం ఉంది. కానీ కిటికీలు దించారన్న సంగతి అతను ఇప్పుడే వింటున్నాడు. ఆమె గొంతులో గొప్ప లేదు. ఎప్పుడో పక్కన పెట్టినవాటిని తీసి చూసుకుంటున్న నెమ్మది ఉంది. ఎండాకాలం పోగానే పద్మప్రియతో కలిసి మూడు అడవి ఊళ్లలో బడులు కట్టబోతున్నాననీ, వారంలో సగం రోజులు అక్కడే ఉంటాననీ చెప్పింది. ఈ మాట కూడా జయప్రకాశ్ ఇప్పుడే విన్నాడు. ఫోన్ చూసుకుంటూ దీనికి కూడా అవ్ అన్నాడేమో, అతనికి గుర్తులేదు.

టీ చల్లారి మీద మీగడ కట్టింది. అతను కప్పు దించలేదు. మెట్రో స్టేషన్లవాడి మీదా, కోటలావిడ మీదా ఇన్నేళ్లుగా పడిన అసూయ ఇప్పుడు చూస్తే ఏదో పరాయి ఊరి తగాదాలా ఉంది. వాళ్లెవరూ అతని పక్కన పడుకుని నిద్రపోయినవాళ్లు కారు.

"అయింది లతా, రాసుకున్న," అన్నాడు ప్రభాకర్ చివరికి. "పేరా కాదు, పేజీ అయితది నీది. జేపీ ఉన్నడా పక్కన?"

"ఉన్నడు," అని ఆమె ఫోన్‌ను మళ్లీ అతని వైపు జరిపింది.

"జేపీ, లతది సెపరేట్ అయింది గదా. మరి నీ దాంట్ల ఏం రాయమంటవ్?"

జయప్రకాశ్ కప్పు బల్ల మీద పెట్టాడు. ఎదురుగా నాగలత స్కేలు మళ్లీ చేతిలోకి తీసుకుని, ఆగిన చోటు వెతుక్కుని, గీత కొనసాగించింది. ఈసారి అతను ఆ గీత ఎటు పోతున్నదో చూశాడు.

"రేపు చెప్త," అన్నాడు.

"రేపటికి అచ్చుకు పోతది మరి."

"అయితే... ఖమ్మంల ఉంటున్నడని రాయి," అన్నాడు జయప్రకాశ్. "ఒక కొడుకు అని రాయి."