ట్రాలీ ఆగే చోటు

పద్నాలుగో నంబరు పానా కనబడకుండా పోయింది ఆ రోజే. పొద్దున అది బోర్డు మీద తన చోట వేలాడుతూ ఉండడం పద్మకుమారి చూసింది. భర్త ధర్మరాజు దాన్ని తీసి జేబులో వేసుకుని పరంజా ఎక్కడమూ చూసింది. మధ్యాహ్నం అతన్ని కిందికి దించాక వెతికితే పానా జేబులో లేదు, చేతిలో లేదు, పరంజా బల్ల మీద లేదు. కింద పోగుపడ్డ రంపపు పొట్టునంతా మరిది ఆదిబాబు జల్లెడ పట్టాడు. వంకరపోయిన మేకులు దొరికాయి. ఎప్పుడో పోయిన ఆమె చెవిదిద్దు శీల దొరికింది. పానా దొరకలేదు.

ధర్మరాజు పడిపోలేదు. అందుకే ఎవరికీ వెంటనే తెలియలేదు. పరంజా మీద కూర్చుని, వీపు గోడకి ఆనించి, కాళ్లు కిందికి వేలాడేసి ఉన్నాడు. ఉక్కు కంపెనీలో ఉద్యోగమంతా క్రేను కేబిన్లో కూర్చున్నవాడు ఎలా కూర్చుంటాడో అలాగే ఉన్నాడు. పద్మకుమారి టీ గ్లాసు మిషను బల్ల మీద పెట్టి, "సల్లారిపోతంది, దిగండి" అంది. పాలిష్ గుడ్డ తడుపుకుంటూ మళ్లీ అంది. ఇంకోసారి అన్నప్పుడు మాత్రం తల ఎత్తి చూసింది.

గుండె ఆగిందన్నారు. పెద్ద బాధేమీ పడి ఉండడన్నారు.

షాపు జుగ్సలాయిలో గోదాముల సందు చివర ఉంది. ఆదిబాబుది. తలుపులు, మంచాలు, బీరువాలు చేస్తాడు. మిషన్ల దగ్గర పింటూ ఉంటాడు. నెరిసిన మీసం, నోట్లో ఎప్పుడూ ఖైనీ. ఆదిబాబు దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి తెలుగు పట్టుబడ్డవాడు. పాలిష్ పని పద్మకుమారిది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ధర్మరాజు కూడా భాలుబాసాలోని ఇంటి నుంచి రోజూ ఆమె వెంట వచ్చేవాడు. వచ్చి, ఒక స్టూలు వేసుకుని, కప్పు వైపు చూస్తూ ఉండేవాడు.

"ఏటన్నా, వాన గాని కురుత్తందా లోపల?" అని ఆదిబాబు ఎగతాళి చేసేవాడు.

"అంత సోటు ఊరికే ఒగ్గేసినావేట్రా? కింద కాళ్లుండాల. మిగిలిందంతా పైకెక్కాల."

అన్నట్టే ఎక్కించాడు. దూలాల నుంచి అరలు వేలాడదీశాడు. బిగింపు పట్టీలు, కొలబద్దలు, చిత్రికలు అన్నీ చెయ్యెత్తితే అందే చోటికి వెళ్లాయి. గోడ మీద పెద్ద బోర్డు కొట్టి, ప్రతి పనిముట్టునూ దాని మీద ఆనించి, చుట్టూ పసుపు రంగుతో గీత గీశాడు. కంపెనీలో అలాగే గీస్తారు. సాయంత్రం తలుపు దగ్గర నిలబడి చూస్తే చాలు, ఖాళీగా ఉన్న గీతే ఏ పనిముట్టు ఇంకా తిరిగి రాలేదో చెప్తుంది.

ఆ తర్వాత గొట్టం పని పెట్టుకున్నాడు. పొట్టు పద్మకుమారి ఊపిరితిత్తుల్లోకి పోతోందని, ఇలాగే ఉంటే పని మానిపించాల్సి వస్తుందని డాక్టరు అన్నాడు. వారం తిరిగేసరికి ధర్మరాజు పొట్టు పీల్చే మిషను తెచ్చి ఒక మూల పెట్టాడు. దాని గొట్టం నేల మీద పాకితే కాళ్లకి అడ్డం, అందుకని కప్పు కింద పొడుగునా ఒక ఇనప పట్టా వేశాడు. పట్టా మీద చక్రాల ట్రాలీ, ట్రాలీ నుంచి మెలికలు మెలికలుగా వేలాడే గొట్టం. ఏ మిషను దగ్గర పని ఉంటే అక్కడికి లాక్కోవచ్చు. పట్టా మోటారు మూల నుంచి మొదలై, రంపం మీదుగా, చిత్రిక మిషను మీదుగా వెళ్లి, పాలిష్ మూలలో ఆమె అరగదీత మిషను మీద ముగియాలి. చక్రాలకి నూనె వేయడానికి ఎక్కాలని ఆ కొసన గోడకి ఇనప నిచ్చెన కూడా ముందే బిగించాడు. ఇంకో బారెడు ముక్క వేస్తే పని పూర్తి. ఆ ముక్క బిగించడానికే ఆ రోజు ఎక్కాడు.

ట్రాలీ జారిపోకుండా పట్టా కొసన అప్పటికి ఒక బోల్టు అడ్డం పెట్టి ఉంచాడు. అది అలాగే ఉండిపోయింది.

దినాలు అయ్యాక షాపు తెరిచారు. తాళంచెవి పద్మకుమారి దగ్గరుంటుంది, ముందు వచ్చేది ఆమె. షట్టరు ఎత్తేసరికి ట్రాలీ పట్టా మధ్యలో నిలబడి ఉంది. గొట్టం తిన్నగా కిందికి వేలాడుతోంది. అంతకుముందు సాయంత్రం షాపు కడిగి పూజ చేసి వెళ్లేటప్పుడు అది మోటారు మూలలో ఉన్నట్టు ఆమెకి గుర్తు.

"ఒరే పింటూ, గొట్టం ఎక్కడొగ్గేసినావురా? మా అన్నుంటే నీ సెవి మెలేసేవోడు" అన్నాడు ఆదిబాబు.

"నేను మోటారు దగ్గరే పెట్టాను భయ్యా. మీ చెవే మెలేసుకోండి."

ఆ సాయంత్రం ఆదిబాబే స్వయంగా దాన్ని మూలకి నెట్టాడు. తెల్లవారి చూస్తే మళ్లీ మధ్యలో ఉంది. పట్టా వాలు పోయి ఉంటుందని నిచ్చెన వేసుకుని రసమట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. పట్టా పొడుగునా జరుపుతూ చూశాడు. అంతటా నడుమనే నిలబడింది. చివరికి రసమట్టాన్నే అటూ ఇటూ తిప్పి అనుమానంగా చూశాడు.

"దాన్ని తిట్టకండి భయ్యా, అది నిజమే చెప్తోంది" అన్నాడు పింటూ. ఆ రోజు నుంచి అతను ట్రాలీ కింద నుంచి నడవడం మానేశాడు. చెక్కలు భుజాన ఉన్నా సరే, గోడవారగా చుట్టూ తిరిగి వచ్చేవాడు.

పెళ్లయిన కొత్తలో ధర్మరాజు చెప్పిన మాట ఒకటి పద్మకుమారి లోపల కదిలింది. క్రేను దిగే నిచ్చెన బేకి, అంటే క్రేను తిరిగే పొడుగాటి షెడ్డుకి, ఒక కొసనే ఉంటుంది. షిఫ్టు అయిపోయాక క్రేనును ఆ కొసకి తెచ్చి ఆపి, అప్పుడే దిగాలి. అందుకని క్రేను బే మధ్యలో ఆగి ఉంటే, కేబిన్లో లైటు వెలగకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, డ్రైవరు ఇంకా పైనే ఉన్నాడని లెక్క. ఒకసారి కరెంటు పోయి అతను అలా పైన చిక్కుకుపోయాడట. కిందివాళ్లు చీకట్లో అతన్ని చూడలేకపోయినా, క్రేను ఆగిన చోటు చూసి ఒక్కరూ ఇంటికి వెళ్లలేదట.

మర్నాడు ఆదిబాబు ట్రాలీని మోటారు మూలకి నెట్టి, బోర్డు మీద వేలాడే చెక్క మేకు తీసి చక్రం కింద దిగ్గొట్టాడు. "ఇప్పుడెలా వత్తాదో సూద్దాం" అన్నాడు.

తెల్లవారి ఆమె ఒక్కతే షట్టరు ఎత్తింది. ట్రాలీ మధ్యలో ఉంది. చెక్క మేకు కోసం నేలంతా చూసింది. తర్వాత బోర్డు వైపు చూసింది. మేకు తన పసుపు గీతలో, తన కొక్కేనికి, ఎప్పుడూ ఉండే చోట వేలాడుతోంది. దాని పక్కన పానా గీత ఖాళీగా ఉంది.

ఆదిబాబు రాకముందే ఆమె ఆ మేకు తీసి కింద పొట్టులో పడేసింది. "జారిపోయినట్టుంది" అంది. అతను నమ్మాడు, లేదా నమ్మినట్టు ఊరుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె పాలిష్ బల్లను కొంచెం కొంచెంగా షాపు మధ్యకి జరుపుకుంది. లక్క పూస్తూ చిన్న గొంతుతో ఏవో చెప్పేది. సాక్చి బజారులో మంచి మామిడి అల్లం వచ్చిందని, వాళ్ల వీధి నీలకంఠం మాస్టారు మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాడని, ఇంట్లో ట్యాంకు మళ్లీ కారుతోందని. మాట్లాడినంతసేపూ గొట్టం మూతి కాస్త ఆమె వైపు తిరిగి ఉండేది. ఫ్యాను గాలి అనుకోవచ్చు. పాలిష్ మీద దుమ్ము పడుతుందని ఆమె ఫ్యాను వేసేది కాదు.

పోయినవాడు ఇంత దగ్గర ఉంటే ఇంకేం కావాలి అనుకుంది. అలా వానాకాలం సగం గడిచింది.

తర్వాత ట్రాలీ ఆగే చోటు మారసాగింది. ఒక పొద్దున చిత్రిక మిషను మీద ఉంది. ఇంకో పొద్దున దాన్ని దాటి ఉంది. వినాయక చవితి నాటికి పట్టా తెగిన కొసకి వచ్చేసి, అడ్డం పెట్టిన బోల్టుకి ఆనుకుని నిలబడింది. అవతల ఖాళీ. ఖాళీకి అవతల నిచ్చెన. ఆ తర్వాత ఏ పొద్దున చూసినా అది అక్కడే ఉండేది. చక్రం రాసుకుని బోల్టు మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి.

పద్మకుమారి బల్ల అక్కడికి జరపలేదు. ఆ మెరుపు చూసినప్పుడు ఆమెకి విషయం తెలిసిపోయింది. అతను ఆమె దగ్గర ఉండడానికి ఉండలేదు. దిగడానికి చోటు వెతుక్కుంటున్నాడు.

ఆమె దగ్గు ఎక్కువైంది. అరగదీత మిషను దగ్గరికి గొట్టం అందదు. పొట్టంతా ఆ మూలలోనే లేస్తుంది.

విశ్వకర్మ పూజకి ముందురోజు ఆదిబాబు కొత్త పానా కొనుక్కుని వచ్చాడు. "రేపు పనిముట్టు ముట్టుకోకూడదు. ఈయేళే ఆ ముక్క బిగించేత్తాను వదినా. పూజకి అంతా పూర్తయి ఉండాల."

"పూజయ్యాక సూద్దాంలే, ఆదీ."

"ఎన్నాళ్లని? రాత్రి నీ దగ్గు గోడవతల మా ఇంట్లోకి ఇనబడతంది. నీ ఊపిరి కోసం కాదేటి అన్న ఇదంతా కట్టింది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

ఆదిబాబు పరంజా ఎక్కాడు. గోడకి ఆనించి ఉన్న ముక్కని పింటూ కింద నుంచి ఎత్తి పట్టుకున్నాడు. పొద్దుటి పని కోసం ట్రాలీని రంపం మీదికి లాగి ఉంచారు. మోటారు ఆపి ఉంది. ముక్క కొస పట్టాకి ఆనగానే, ఇనుము ఇనుముకి తగిలిన చిన్న చప్పుడు అయింది. అప్పుడు ట్రాలీ కదిలింది. తొందరేమీ లేదు. బరువు దింపేసి మూలకి వచ్చే క్రేను ఎలా వస్తుందో అలా, రంపం దాటి, చిత్రిక మిషను దాటి, ముగ్గురి తలల మీదుగా వచ్చి బోల్టు దగ్గర ఆగింది. దాని వెనక గొట్టం మెలికలు ఒక్కొక్కటే సాగి నిలిచాయి. చక్రం బోల్టుని మెల్లగా ఒకసారి తట్టింది. ఆగింది. మళ్లీ తట్టింది.

పింటూ ముక్క వదల్లేదు. "భాభీ," అన్నాడు, "బడే భయ్యా కిందికి వస్తానంటున్నారు."

ఆదిబాబు ముఖం సున్నం కొట్టినట్టుంది. ట్రాలీ వైపు చూడకుండా వదిన వైపే చూశాడు. "నాలుగు బోల్టులు వదినా. బిగించేనంటే దిగుతాడు."

"దిగితే?"

"దిగితే..." అని అతను ఆగాడు. "ఎల్తాడు."

బయట సందులో ఎవరో లారీ వెనక్కి తీయిస్తూ అరుస్తున్నారు. పద్మకుమారి పైకి చూసింది. ఆ రోజు టీ గ్లాసు పెట్టి తనే అంది దిగండని. అన్నిసార్లూ తనే అంది. ఇప్పుడు ఆ ఒక్క మాటా నోటి దాకా వచ్చి లోపలే ఉండిపోయింది.

"ఆ ముక్క దించీ, ఆదీ" అంది.

"వదినా..."

"దించీ. మంచానికి ఇంకో పూత ఎయ్యాల. పొద్దోతంది."

పింటూ ముక్కని తిరిగి గోడకి ఆనించాడు. ఆదిబాబు దిగి, కొత్త పానా చేతిలో తిప్పుకుంటూ బోర్డు ముందు కాసేపు నిలబడ్డాడు. ఖాళీ గీతలో దాన్ని పెట్టడానికి చెయ్యి రాలేదు. సొరుగులో పడేశాడు. పైన చక్రం ఇంకొకసారి తట్టి ఊరుకుంది.

పూజ బాగానే జరిగింది. పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, వాటి వాటి గీతల్లో వేలాడదీశారు. ఆదిబాబు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. షట్టరు దించేటప్పుడు మాత్రం పట్టా కొస వైపు చూసి, వదిన వైపు చూస్తాడు. ఆమె తాళం వేస్తుంది.

గొట్టం రంపానికి అందుతుంది, చిత్రిక మిషనుకి అందుతుంది. పద్మకుమారి కొంగు ముక్కుకి కట్టుకుని తన మూలలో అరగదీస్తుంది. బారెడు ముక్క నిచ్చెన పక్కన గోడకి ఆనించి ఉంది. దాన్ని ఇంకా బిగించలేదు.