జంట బల్లలు

శోభాబజార్‌లో మా ఇల్లు పంచుకున్నప్పుడు, హాల్లోని పాలరాతి పలకల జంట బల్లలు అన్నదమ్ములకు చెరొకటి వచ్చాయి. మా పెద్ద తోడికోడలు నీహార్ దీదీ తన బల్ల మీద దేవుళ్లను పెట్టుకుంది. నేను నాది అమ్మబోతే, "జంటైతేనే తీసుకుంటానమ్మా" అన్నాడు కొనేవాడు.

దీదీని అడిగాను. "దానికింత నసుగుతావేమే? ఈ దేవుళ్లలో మా గోపాలుడు ఎలాగూ పాకేవాడే, నేల మీదైతే ఇంకా సుఖం!" అని నవ్వింది.

బల్లలు వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం, రోజూ పూజలో దీదీ ఊదే శంఖం వినబడకపోతే ఆమె వాటాలోకి వెళ్లాను. నేల మీది దేవుళ్ల ముందు, మోకాళ్లు వంగక, గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఇన్నాళ్లూ నిలబడే పూజ ఎందుకు చేసేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"వచ్చావా? ఇక రోజూ దీపం నువ్వే వెలిగించాలి" అంటూ అగ్గిపెట్టె ఇచ్చింది.

కూర్చుని వెలిగించాను. ఆమె నిలబడే ఉండి శంఖం ఊదింది. నేను తలెత్తలేదు.