వానల ఏడాది గీసిన పటం

గాలిలో దుమ్ము వాసన.

పొద్దున రొట్టెలో దుమ్ము, మధ్యాహ్నం కాఫీలో దుమ్ము, పళ్ళ మధ్య కరకర.

అమెరికాలోని వయోమింగ్ మైదానాల్లో వాన మొహం చాటేసి మూడు వేసవులు.

ఇంటి వెనక గాలిమర తిరుగుతూనే ఉంది. బావిలోంచి నీళ్ళు మాత్రం రావడం లేదు. ఆవులు తొట్టి అడుగు నాకుతున్నాయి... నాకుతూనే ఉన్నాయి.

మిగిలింది ఆ ఆవుల మందే. అది పోతే ఆ ఇల్లు లేదు, ఆ పేరు లేదు.

"గొర్రెలాయన, ఆ అరాంబిదే వాళ్ళ బావిలో నీళ్ళున్నాయట. కంచె అవతలేగా, వెళ్ళి అడుగు," అంది లియోటా.

"గొర్రెలు కాసేవాడినా?" ఆమె మొగుడు ఓర్వల్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

"రానీ. ఆయన చేతికీ ఓ బకెట్టిస్తాను."

ఆవులవాళ్ళు అంతే మరి. గొర్రెలవాళ్ళతో కంచె పంచుకుంటారు. మాట పంచుకోరు. నీళ్ళు అసలే పంచుకోరు.

ఓర్వల్ గోడ మీంచి పాత పటం దించాడు. అతని చిన్నతనంలో సర్కారు మనుషులు ఊరూరా తిరిగి గీసింది. గోధుమరంగు గీతలన్నీ గుట్టలు. ఉత్తరాన ఒక నీలి మరక... చెరువు.

"సర్కారు అబద్ధం గీస్తుందటే?"

"అబద్ధం కాదయ్యా. వాళ్ళకి వండిపెట్టింది మీ అమ్మేగా! 'ఆ ఏడాది బూట్లలో కప్పలు దూరేవే పిల్లా' అని ఎన్నిసార్లు చెప్పింది! వానల ఏడాది గీసిన చెరువది."

"చెరువు ఎక్కడికి పోతుందే? దానికేమైనా కాళ్ళున్నాయా?"

గుర్రాలెక్కి మందని ఉత్తరానికి తోలారు.

గుట్ట ఉందన్నచోట గుట్ట ఉంది. వాగు ఉందన్నచోట వాగు ఉంది — ఎండి. పటం నిజం చెప్పినప్పుడల్లా ఓర్వల్ ఈల వేశాడు. ఈల విన్నప్పుడల్లా లియోటా తలెత్తి చూసింది.

ఆకాశంలో ఒక్క పిట్ట లేదు.

నీళ్ళున్నచోట పిట్ట లేకుండా ఉంటుందా?

పొద్దు వాలుతుండగా ముందున్న ముసలి ఆవు ఆగింది. మూతి ఎత్తింది. వెనక మందంతా మూతులెత్తింది.

గాలి మళ్ళింది.

"వాసన పట్టాయే! చూశావా, ఉన్నాయి నీళ్ళు!"

మంద పరుగు అందుకుంది. దప్పిగొన్న మందని ఆపడం ఎవరి తరం?

లియోటా గుర్రాన్ని గట్టు మీదికి ఎక్కించి చూసింది. చెరువుది పటంలో ఉన్నంత వెడల్పు, ఉన్నంత వంపు — కొలత తప్పలేదు. చుట్టూ తెల్లగా పగిలిన నేల. నడిమధ్య నల్లగా, మెత్తగా... మెరుస్తూ...

నీళ్ళు కాదు. ఊబి.

"మళ్ళించు! ఓర్వల్, మళ్ళించవయ్యా!"

అతను గుర్రాన్ని దౌడు తీయించాడు. ముసలి ఆవు అప్పటికే మోకాళ్ళ దాకా దిగిపోయింది. అరవలేదది. బురదలో మూతి పెట్టి చప్పరిస్తోంది. వెనక నుంచి మిగతావి... తోసుకుంటూ... తోసుకుంటూ...

గాలిలో తడి వాసన.

చల్లగా, తియ్యగా — తడి వాసన.