కుడివైపు నమిలే రాకాసి

ఆమె పళ్ల సెట్లు కట్టే మనిషి. డాక్టర్లు నోటి అచ్చులు తీసి ల్యాబుకి పంపితే, వాటిలో ప్లాస్టరు పోసి, మైనం చెక్కి, ఎవరి నోటికి వాళ్లకి ఇమిడేలా పళ్లు తయారుచేసి తిరిగి పంపుతుంది. ఇరవై నాలుగేళ్లుగా అదే పని. ఊళ్లో సగం మంది నోళ్లు ఆమెకి కరతలామలకం. మొహాలే తెలియవు. ల్యాబులోనూ వీధిలోనూ అందరూ ఆమెని పళ్లక్క అనే పిలుస్తారు.

పళ్లక్కకి సినిమాల మీద పెద్ద మోజు లేదు. ఆ పిచ్చి ఆమె ఆడపడుచుది. రెక్కల రాకాసి సినిమా ఏడుసార్లు చూసి, ఆ సెట్టుని ఇప్పుడు జనానికి చూపిస్తున్నారని తెలిసిన రోజే రెండు టిక్కెట్లు కొనేసింది.

"నువ్వు రాకపోతే నెల్లాళ్లు నీతో మాట్లాడను వదినా."

"అంత అదృష్టం నాకెక్కడిదే," అంది పళ్లక్క. అన్నదే గానీ ఆదివారం పొద్దున్నే తయారై బస్సెక్కింది.

కోటగోడలు చూశారు. ముందునుంచి నల్లరాయి, వెనక్కి వెళ్తే చెక్క పేళ్లు, మేకులు. మంత్రగాడి గదిలో పుస్తకాలన్నీ ఒకే అట్టముక్క, ముందువైపు మాత్రం పుస్తకాల వరసలా రంగు వేసి ఉంది. ఆడపడుచు కనబడ్డ ప్రతి గుమ్మం దగ్గరా ఫొటో దిగింది. పళ్లక్క అన్నిటికీ తలూపుతూ, మనసులో మాత్రం కూర్చోవడానికి ఎక్కడైనా కుర్చీ ఉందా అని వెతుక్కుంది.

ఆ తర్వాత రాకాసి తల ఉన్న హాల్లోకి తీసుకెళ్లారు. బస్సంత తల. నోరు తెరిచి పెట్టి ఉంది. కింది దవడకి మూడు మెట్లు వేశారు. ఒక్కొక్కరే ఎక్కి, నాలుక మీద నిలబడి, భయపడుతున్నట్టు మొహం పెట్టి ఫొటో తీయించుకుని దిగుతున్నారు. పళ్లక్క వంతు వచ్చింది. ఎక్కింది. ఎక్కి, కెమెరాకి వీపు చూపించి నిలబడింది.

"వదినా, ఇటు తిరుగు!"

పళ్లక్క తిరగలేదు. ఫోను లైటు వేసి, పై దవడ లోపలికి వంగి చూసింది. కుడివైపు దంతాలు అరిగిపోయి పలకల్లా ఉన్నాయి. ఎడమవైపువి మాత్రం నిన్నగాక మొన్న మొలిచినంత వాడిగా ఉన్నాయి. పైగా ఎడమవైపు పళ్ల మొదళ్లలో పసుప్పచ్చగా గార పట్టి ఉంది. ఆమె వేలితో గీరి చూసింది. రంగే. కానీ ఎక్కడ పట్టాలో సరిగ్గా అక్కడే పట్టి ఉంది.

"ఒసేయ్, ఇది కుడివైపే నములుతోందే," అంది గట్టిగా.

వెనక వరసలో జనం గొణుగుడు మొదలెట్టారు. ఆడపడుచుకి తల తీసేసినట్టయింది. చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"నోట్లో ఏం చూస్తున్నావు వదినా? అందరూ నవ్వుతున్నారు."

"ఎడమవైపు నొప్పున్నవాళ్లు కుడివైపు నమిలి నమిలి అరగదీసుకుంటారు. వాడని వైపు గార పడుతుంది. ఇదంతా సినిమాలో కనిపించిందా?"

"ఏడుసార్లు చూశాను. నోట్లోంచి ఊదే మంట తప్ప ఏమీ కనబడలేదు."

"మరి కనబడనిదాన్ని ఇంత శ్రద్ధగా ఎవరు చేశారే?"

ఇక ఆమెకి కాలు నిలవలేదు. గైడు దగ్గరికి వెళ్లి అడిగింది. గైడు మర్యాదస్తుడే గానీ, అతనికి ఇచ్చిన కాగితంలో రాకాసి బరువు, పొడుగు తప్ప పళ్ల సంగతి లేదు.

"బొమ్మలు చేసేవాళ్లు ఈ హాలు వెనక షెడ్డులోనే ఉంటారండీ. కానీ విజిటర్లని పంపరు."

"నేను రానులెండి. ఒక్క మాట అడిగి రండి చాలు. ఎడమవైపు నొప్పి ఎప్పటినుంచీ అని."

గైడు నవ్వుకుంటూ వెళ్లాడు. రెండు నిమిషాల్లో అతని వెనకే ఒక పెద్దమనిషి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, చేతులకి మోచేతుల దాకా మట్టి. రాకాసిని చేసిన శిల్పి.

"ఆ మాట అడిగిందెవరు?" అన్నాడు.

ఆడపడుచు ఒకడుగు వెనక్కి వేసింది. పళ్లక్క మాత్రం అతని మొహంకేసి చూసింది. కుడి దవడ కాస్త బలంగా, ఎడమ చెంప కాస్త లోపలికి ఉంది.

"మీదేనా ఆ నోరు?" అంది.

శిల్పి ఒక్క క్షణం తెల్లబోయి, ఆ తర్వాత పకపకా నవ్వాడు.

"నాదేనమ్మా! పన్ను కట్టించుకోవడానికి వెళ్తే డాక్టరు అచ్చు తీశాడు. పని అయ్యాక అడిగి తెచ్చుకున్నాను. రాకాసికి మూడొందల ఏళ్లని కథలో ఉంది. అన్నేళ్లు బతికినదానికి ఒక్క పన్నయినా నొప్పి పెట్టదా అనిపించింది. నాలుగేళ్లయింది, అడిగినవాళ్లు లేరు. డైరెక్టరు కూడా చూడలేదు."

"ఏం తింటుందది?"

"అది నాకెవరూ చెప్పలేదు. మంట ఊదుతుంది, ఎగురుతుంది, అంతే. ఎముకలు తింటుందని నేనే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నా. ఆకులు తినేదైతే అరుగుదల అలా ఉండదు."

ఇద్దరూ చాలాకాలం కిందట తప్పిపోయిన చుట్టాల్లా మాటల్లో పడ్డారు. గైడు గడియారం చూసుకుని, మిగతా గుంపుని సింహాసనం వైపు నడిపించాడు. ఆడపడుచు అటు రెండడుగులు వేసింది, ఇటు మూడడుగులు వేసింది. చివరికి నిట్టూర్చి వదిన వెనకే షెడ్డులోకి నడిచింది.

షెడ్డులో బల్ల మీద ఒక చిన్న తల ఉంది. గేదెదూడంత. రాబోయే సినిమాకి రాకాసి పిల్లట. తెల్లటి ముందుపళ్లు, అద్దంలా నున్నగా.

పళ్లక్క వంగి చూసింది. చూసి, కనుబొమలు ముడిచింది.

"చెప్పండమ్మా. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది," అన్నాడు శిల్పి.

"దీని వయసెంత?"

"మనుషుల లెక్కలో ఏడెనిమిదేళ్లు."

"మరి ముందుపళ్లకి అంచులేవీ? కొత్తగా మొలిచిన పన్ను నున్నగా ఉండదండీ. అంచున మూడు బుడిపెలుంటాయి, రంపంలా. కొరికి కొరికి కొన్నాళ్లకి అవి అరుగుతాయి. ఇది అప్పుడే పెద్దదైనట్టుంది."

"అయ్యో వదినా!" ఆడపడుచు ముందుకొచ్చింది. "మా పాప పళ్లూ రంపంలాగే ఉన్నాయి. ఎక్కడో పడి విరగ్గొట్టుకుందని మొన్న రెండు తగిలించాను!"

"తగిలించే ముందు నన్నడగొద్దూ?"

"పళ్ల గురించి అడిగితే నువ్వు గంట చెప్తావని అడగలేదు."

శిల్పి మైనపు ముద్ద, చిన్న చాకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పళ్లక్క ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. చిటికెన వేలి గోరంత పన్ను చెక్కే చేతికి చెయ్యంత పన్ను చెక్కడం వింతగా ఉంది. మొదట్లో చాకు మరీ సున్నితంగా ఆడింది. తర్వాత భుజం నుంచి ఊపు తీసుకోవడం అలవాటైంది. శిల్పి పక్కనే ఇంకోటి మొదలెట్టాడు. అతను బుడిపెలు మూడూ ఒకే ఎత్తున చెక్కితే, ఆమె అతని చేతిలోంచి లాక్కుని మధ్యదాన్ని తగ్గించింది. అతనికి కోపం రాలేదు. మెడ చాచి చూశాడు. ఆడపడుచు ఇంటికి వీడియో కాల్ చేసి, పాపని నోరు తెరవమని, ఆ ఫోనుని దీపంలా ఇద్దరి ముందూ పట్టుకుంది.

గైడు వచ్చి బస్సు బయల్దేరుతోందని చెప్పేసరికి సింహాసనం, ఎగిరే పడవ, మంత్రపు బావి అన్నీ అయిపోయాయి. బస్సులో ఆడపడుచు వాటి గురించి పక్కసీటువాళ్లని ఒక్కసారే అడిగింది. "నేను చూడనివేంటో తెలుసుకుందామని," అంది.

మూడు వారాల తర్వాత ల్యాబుకి ఒక పెట్టె వచ్చింది. లోపల గడ్డిలో చుట్టి, ప్లాస్టరుతో పోసిన పన్ను. డాక్టర్లు రాసే చీటీలాగే పైన ఒక చీటీ: "సరిచూసి పంపగలరు."

ల్యాబు యజమాని ఆ పన్నుని రెండు చేతులా ఎత్తి చూసి నోరెళ్లబెట్టాడు.

"ఏమిటక్కా ఇది? పేషెంటు ఎవరు?"

"చిన్నపిల్లండీ. ఇప్పుడే వస్తున్నాయి," అంది పళ్లక్క. దీపం దగ్గరికి లాక్కుని, పన్నుని అటూ ఇటూ తిప్పి చూసి, చీటీ వెనక రాసింది: "అంచు బాగా కుదిరింది. వెనకవైపు మందం ఇంకొంచెం తియ్యాలి. నాలుకకి తగులుతుంది."