టెంక అనుకున్నాం

మామిడి కోతల రోజుల్లో మా పక్క ఆవులకు గొంతులో టెంక అడ్డం పడటం కొత్తేమీ కాదు. రాలిన పండు తియ్యగా ఉంటుంది, నమిలే ఓపిక ఆవుకు ఉండదు, గుటుక్కున మింగేస్తుంది. అడ్డం పడిందంటే చొంగ కారుస్తూ, మెడ చాచి, మేత ముందర దిక్కులు చూస్తూ నిలబడుతుంది. అప్పుడు నోరు తెరిపించి, మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగెయ్యాలి. మా ఆయన చెయ్యి సన్నం. ఆవని ఊరి నుంచి కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. నా కొడుకు పురుషోత్తంకు ఆ చెయ్యే వచ్చింది.

అందుకే ఆ పొద్దున మా సీమావు తామర రాగిగడ్డి ముట్టకుండా, తీగలు తీగలుగా చొంగ కారుస్తూ నిలబడితే ఎవరికీ భయం వెయ్యలేదు.

"టెంక మింగిండాది. కట్టు తెంపుకొని తోపులోకి పోయింటాది," అన్నాడు పురుషోత్తం, చొక్కా చెయ్యి పైకి మడుస్తూ.

"నీ పెండ్లాం కట్టిన ముడి తెగుతాదా? నువ్వు కట్టింటావు," అన్నాను నేను.

"అట్ల చెప్పత్తా! లుంగీ ముడే నిలవదు ఆయప్పకు," అంది మా కోడలు మునిలక్ష్మి. దూడప్పటి నుంచీ తామరను సాకింది ఆ పిల్లే. మొన్నమొన్ననే ఈనింది తామర, దూడ పక్కనే కట్టేసి ఉంది.

మునిలక్ష్మి ఆవు దవడల మధ్య కట్టె అడ్డం పెట్టి పట్టుకుంది. వాడు చెయ్యి లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని వెతికాడు. వాళ్ల నాయనా అంతే, కళ్లు మూసుకునే వెతికేవాడు.

"ఏమీ తగల్లేదు మా. కిందికి దిగిపోయినట్లుండాది." చేతికంటిన చొంగను లుంగీకి తుడుచుకుని కాయ కొయ్యడానికి తోపుకు వెళ్లిపోయాడు.

నేను బొక్కెనలో నీళ్లు పెట్టాను. తామర మూతి ముంచింది కానీ గుటక పడలేదు. నీళ్లు ముక్కుల్లోంచి తిరిగి వచ్చాయి.

"టెంక దిగిపోతే నీళ్లెందుకు దిగవే?" అన్నాను కోడలితో.

"గొంతు ఒరుసుకోనుంటాది అత్తా. సాయంత్రానికి సరిపోతాది."

సాయంత్రానికి సరిపోలేదు, అరుపు మొదలైంది. దూడ కోసం అరిచేది నాకు తెలుసు, ఎదకు వచ్చి అరిచేది తెలుసు, ఆకలి అరుపు తెలుసు. ఇది అవేవీ కాదు. బొంగురుపోయి, చివర విరిగి, ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగకుండా మళ్లీ వస్తున్నది. ఆవు అరుస్తున్నట్టు లేదు, లోపలెవరో దాన్ని పిండుతున్నట్టు ఉంది. వీధిలో మిగతా ఆవులన్నీ నెమరు ఆపేసి మా కొట్టం వైపే తలలు తిప్పి నిలబడ్డాయి. ఆ అరుపు నేను ఇంతకు ముందు విన్నాను. అయితే ఆవు గొంతులో కాదు.

"మునిలక్ష్మీ, దీన్ని కుక్క గాని కరిసిందా?"

ఆ పిల్ల ఆలోచించి చెప్పింది. "కాయ పిందెగా ఉన్నప్పుడు, తోపులోకి ఒక కుక్క వచ్చింది గదా అత్తా, దీని మూతికాడ గీరింది. పసుపు పెడితే మానిపోయ." అంటూనే చేతిలోని గడ్డి కింద వదిలేసింది.

తెల్లారి పశువుల డాక్టరు శశికుమార్ వచ్చేసరికి తామర గోడకు తలబాది నుదురంతా రక్తం చేసుకుంది. ఎప్పుడు వచ్చినా నేరుగా కొట్టంలోకి వచ్చి వీపు తట్టే మనిషి, ఆ రోజు గేటు దగ్గరే ఆగిపోయాడు. కొంచెంసేపు విన్నాడు. బ్యాగు కూడా తెరవలేదు.

"నోట్లో చెయ్యి ఎవరైనా పెట్టినారా?"

ఆవు ఒక్కటే అరుస్తున్నది.

"అడిగేది మిమ్మల్నే. పెట్టినారా?"

"నేను పెట్టినాను సార్. టెంక అనుకున్నాము," అన్నాడు పురుషోత్తం. "పన్ను గీర్లేదు. ఏమీ కాలేదు."

"నేను కట్టె పట్టుకున్నాను," అంది మునిలక్ష్మి.

"ఇది పిచ్చికుక్క రోగం అమ్మా. ఆవుకు ఇంగ చేసేది ఏమీ లేదు. మీరిద్దరూ కోలారు ఆసుపత్రికి పోవాల, ఇప్పుడే."

"రేపు లారీ వస్తాది సార్. కోసిన కాయ తోపులో పడుండాది, కుళ్లిపోతాది. లోడు పంపించి పోతా. గాయమే లేదంటే ఎందుకు తొందర?" అంటూ వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

పసివాడప్పుడు బెల్లం దొంగిలించినా అట్లాగే వెనక్కి పెట్టుకునేవాడు. నేను పోయి ఆ చేతులు ముందుకు లాగాను. తొడిమ తుంచినప్పుడు చిమ్మిన సొన పడి వేళ్ల సందులూ మణికట్టూ కాలిపోయి, తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. కోతలప్పుడు మా ఊళ్లో ఎవరి చేతులు చూసినా ఇంతే. దాన్ని గాయమని మేము ఎప్పుడూ అనుకోలేదు.

డాక్టరు ఆ చేతులు చూశాడు. "చొంగ దిగేదానికి ఇది చాలప్పా," అన్నాడు. "సబ్బు పెట్టి కుళాయి కింద కడుగు. చాలని నేను చెప్పేదాకా కడుగుతానే ఉండు."

అరుపు విని గోడ అవతల నుంచి పక్కింటి ఆవులప్ప తొంగిచూశాడు. "వదినా, సూది ఎందుకు? ఆకు మందు ఇచ్చేవాళ్లు ఉండారు గదా. మూడు పూటలు తాగి పత్యం ఉంటే చాలు. లారీ పోయినాక నేనే పిలుచుకపోతా."

"అదే మేలు," అన్నాడు నా కొడుకు వెంటనే.

అప్పుడు చెప్పాను. వాడికి ఎప్పుడూ చెప్పలేదు, వాళ్ల నాయనకూ చెప్పలేదు.

"కురుడుమలెలో మా మేనమామ కొడుకు జయరాం ఉండె. కుక్క కరిస్తే ఆకు మందు తాగినాడు. పత్యమున్నాడు. కాటు మానిపోయ. మడక దున్నినాడు, పెండ్లికి పిల్లను చూసొచ్చినాడు. మేమంతా మర్చిపోతిమి. ఒకనాడు మా అత్త పక్కన కూర్చోని చేటతో రాగులు చెరుగుతా ఉంటే, ఆ గాలి తగిలి కేకపెట్టినాడు. నీళ్ల చెంబు చూపిస్తే గోడకు అతుక్కునె. గుంజకు కట్టేసినారురా వాన్ని. నేను చిన్నపిల్లను, వాకిట్లో నిలబడి విన్నాను. వాని గొంతు గూడా ఇట్లనే ఉండె." కొట్టం వైపు చెయ్యి చూపించాను. "ఇట్లనే!"

ఆవులప్ప తల గోడ వెనక్కి పోయింది.

"కాయ కుళ్లనీ అప్పా," అన్నాను. "తోపంతా కుళ్లనీ."

వాడు కుళాయి దగ్గరికి పోయి కూర్చున్నాడు. సబ్బు తగిలితే సొన కాలిన చోట ఎంత మండుతుందో నాకు తెలుసు. పళ్లు బిగబట్టి కడిగాడు. పక్కనే మునిలక్ష్మి కూడా కడుక్కుంది. ఇద్దరూ బండి మీద వెళ్లిపోయారు.

వాళ్లు తిరిగి రాకముందే తామర పడిపోయింది. కాళ్లు కొట్టుకుని కొట్టుకుని ఆగింది. డాక్టరు చెప్పినట్టు ఊరివాళ్లు తోలు తియ్యకుండా, చేతులకు సంచులు కట్టుకుని, తోపు చివర లోతుగా గుంత తవ్వి పూడ్చారు. గోడ వెనక్కి పోయిన ఆవులప్పే ముందు నిలబడి తవ్వాడు. దూడను విడిగా కట్టించి, దాని జోలికి ఎవరూ పోవద్దని, రోజూ వచ్చి చూస్తానని చెప్పి వెళ్లాడు డాక్టరు.

మునిలక్ష్మి వస్తూనే ఖాళీ కొట్టం చూసింది. ఏడవలేదు. దూడ వైపు నాలుగడుగులు వేసి, గుర్తొచ్చి ఆగిపోయి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

"బేగ వచ్చినారు, మంచిదాయ అన్నారు మా," అన్నాడు పురుషోత్తం. "ఇంగా సూదులుండాయంట. ఒకటి గూడా తప్పకూడదంట. తప్పితే మమ్మల్ని అడగొద్దన్నారు."

"తప్పవు," అన్నాను.

కాలిన చోటల్లా సూదులు గుచ్చడంతో వాడి చేతులు వాచిపోయి వేళ్లు ముడుచుకోలేదు. పొద్దుగూకే వేళ మునిలక్ష్మి సంగటి తుంచి, చారులో అద్ది, వాడి నోట్లో పెట్టింది. వాడు నాలుక మీద పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. మేమిద్దరం వాడి గొంతు ముడినే చూస్తున్నాం. అది పైకి లేచి, కిందికి దిగింది.

"ఏం మా, నేనేమన్నా ఆవునా? ఇద్దరూ అట్ల నా గొంతు చూస్తా ఉండారు!" అని నవ్వాడు.

మాకు నవ్వు రాలేదు. మునిలక్ష్మి ఇంకో ముద్ద తుంచి పట్టుకుంది. వాడి నవ్వు కూడా ఆగిపోయింది. మెల్లగా నోరు తెరిచాడు.