ఎడమకి లాగే కారు

తారామణి స్టీరింగ్ పట్టుకున్నది రిటైరయ్యాకే. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో కొలత పరికరాలు సరిచూసే పని చేసింది. తూకాలు, థర్మామీటర్లు, ప్రెషర్ గేజీలు వరసగా బల్ల మీదికి వచ్చేవి. ఏది నిజం చెబుతోందో, ఏది తప్పు చూపిస్తోందో తేల్చి కాగితం మీద సంతకం పెట్టడం ఆవిడ ఉద్యోగం. అన్నేళ్ళూ ఆఫీసు బస్సు ఎక్కి దిగిన మనిషి, చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి చిన్న కారు కొని, అరవై ఒకటో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరింది. భర్త విశ్వనాథం మౌలాలి రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన డ్రైవింగ్ నేర్చుకోనన్నాడు. పక్క సీట్లో కూర్చుని బ్రేకు మాత్రం ఇద్దరి తరఫునా తొక్కుతుంటాడు.

రెండేళ్ళు కారుతో ఏ బాధా లేదు. కిందటి నెల ముందు టైర్లు రెండూ అరిగిపోతే, ఉప్పల్ మెట్రో స్టేషన్‌కి కాస్త అవతల ఉన్న పెద్ద టైర్ల షాపులో కొత్తవి వేయించింది. చక్రాలు తిన్నగా సర్దే అలైన్‌మెంట్ కూడా అక్కడే చేయించింది, ఆరు వందలిచ్చి. ఆ సాయంత్రం నాచారం ఇంటికి తిరిగొస్తుంటే కారు ఎడమకి పోతోంది. చేతులు కాస్త వదులు చేస్తే చాలు, పక్కన నిలబడ్డ షేర్ ఆటోల మీదికి వెళ్తోంది.

షాపు యజమాని పృథ్వీ ఫోన్లో నవ్వేశాడు. "రోడ్డే అట్లుంటది మేడం, నీళ్ళు పోనీకి ఎడమకి వాలు పెడ్తరు."

అది నిజమే కావచ్చుననుకుని తారామణి ఆదివారం పొద్దున్నే ఉప్పల్ స్టేడియం దగ్గరి ఖాళీ రోడ్డుకి వెళ్ళి, వాలు లేని చోట చూసుకుని నాలుగుసార్లు నడిపింది. నాలుగుసార్లూ ఎడమకే లాగింది.

బుధవారం కారుని మళ్ళీ షాపుకి తీసుకెళ్తే, కంప్యూటర్ తెర మీద ఎడమ చక్రం దగ్గర ఎర్రగా వెలుగుతున్న అంకె చూపించి పృథ్వీ తల అడ్డంగా ఊపాడు. "క్యాంబర్ పోయింది మేడం. రెండు దిక్కులా కొట్టాలె, మూడు వేల రెండొందలు. అలైన్‌మెంట్ మళ్ళా ఆరొందలు, బ్యాలెన్సింగ్ నాలుగొందలు. నాలుగు వేల రెండొందలిస్తే గంటల బండి మక్ఖన్ లెక్క పోతది."

"క్యాంబర్ అంటే ఏమిటి?"

"అవన్నీ మీకెందుకు మేడం? మీకు చెప్పినా తెల్వదు. సార్‌ని పంపియ్యిన్రి, నేను మాట్లాడ్త."

'మీకు తెల్వదు' అన్న మాట తారామణికి గుండెల్లో గుచ్చుకుంది. శనివారం వస్తానని చెప్పి కారు తిప్పుకుని వచ్చేసింది.

గురు, శుక్రవారాలు రెండూ ఆ చదువే. కారుతో వచ్చిన పుస్తకం పేజీ పేజీ తిరగేసింది. కంపెనీ సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేసింది. హబ్సిగూడ, తార్నాక, రామంతాపూర్ షాపులు అయిదింటిని ఫోన్లో ధర అడిగి కాగితం మీద రాసుకుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనమయ్యాక విశ్వనాథాన్ని హాలు మధ్యలో నిలబెట్టింది.

"పాదాలు రెండూ కాస్త లోపలికి తిప్పండి."

"ఇదేమిటి తారా, ఈ వయసులో నాట్యమా?"

"ఇది టో. చక్రాలు ఇలా లోపలికో బయటికో తిరిగి ఉంటే టైరు రోడ్డు మీద రాసుకుంటూ పోతుంది, నెలల్లో అరిగిపోతుంది. దీన్ని నట్టు తిప్పి సరిచేస్తారు. అలైన్‌మెంట్ అంటే ముఖ్యంగా ఇదే. ఇప్పుడు పాదాలు దూరంగా పెట్టి, మోకాళ్ళు దగ్గరికి చేర్చండి. చూశారా, కాళ్ళు వాలాయి. చక్రం ఇలా పక్కకి వాలడమే క్యాంబర్."

"సరే, అది మనకి పోయిందన్నాడుగా. సరిచేస్తాడు."

"మన కారుకి క్యాంబర్ తిప్పే బోల్టే లేదట. సర్వీసు సెంటరతను చెప్పాడు. ఎక్కడో దెబ్బ తగిలి ఏదైనా వంగితే ఆ భాగం మార్చాలి తప్ప ఇంకో దారి లేదు."

"మరి ఇతనెలా చేస్తాడు?"

"జాకీ పెట్టి వంచుతాడు."

"ఇనుమునా!"

"మన ఇనుమునే. అందుకు మూడు వేల రెండొందలు మనమే ఇవ్వాలి." కాగితం ఆయన ముందు పెట్టింది. "మన సైజు కారుకి అలైన్‌మెంట్ ఎక్కడడిగినా నాలుగొందల నించి ఆరొందలు. క్యాంబరంటే మాత్రం ఒకడు ఎనిమిదొందలంటాడు, ఒకడు రెండు వేలంటాడు, ఒకడు బండి చూడకుండానే చేసేద్దాం రండి అంటాడు. ఒక పనికి ఇన్ని ధరలుంటాయా?"

విశ్వనాథం మోకాళ్ళు విడదీసి కుర్చీలో కూలబడ్డాడు. "ఇచ్చేద్దాం తారా. నాలుగు వేలు పోతే పోయాయి. షాపువాళ్ళతో మనకి గొడవెందుకు?" అన్నాడు. ఆయన జీవితమంతా అలాగే ఇచ్చేసి బయటపడ్డ మనిషి.

శనివారం పదకొండింటికి షాపు కిటకిటలాడుతోంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఆరేడుగురు కూర్చున్నారు. పోచారం ఐటీ క్యాంపస్ బ్యాడ్జీ మెళ్ళో వేసుకున్న అమ్మాయి ఒకతి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేసుకుంటోంది. తారామణి కారుని ర్యాంపు మీదికి ఎక్కించింది. మిషన్ దగ్గర పనిచేసే సురేష్ నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చక్రాలకి కొలిచే పట్లు, అంటే క్లాంపులు, బిగించి తెర వైపు చూశాడు. ఎడమ ముందు చక్రం క్యాంబర్ మైనస్ ఒకటి పాయింట్ రెండు, ఎరుపు. కుడిది ఆకుపచ్చ.

"చూసిన్రా మేడం, చెప్పిన గద," అన్నాడు పృథ్వీ, జాకీ కోసం చెయ్యి ఊపుతూ.

"ఆగండి. ఈ మిషన్‌ని ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారు?"

"అది ఇంపోర్టెడ్ మిషన్ మేడం. తప్పు చూపియ్యదు."

"నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఇంపోర్టెడ్ మిషన్లు తప్పు చూపిస్తున్నాయని రాసి సంతకం పెట్టినదాన్ని. పట్లు తీసెయ్యండి. కారు కిందికి దింపి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ బిగించి కొలవండి. అంకె అదే వస్తే మీరన్న డబ్బు ఇప్పుడే ఇస్తాను."

"గంత టైం లేదు మేడం. ఎనకాల మూడు బండ్లున్నయి. దిగున్రి."

"దిగను."

తారామణి డ్రైవర్ సీట్లోనే తలుపేసుకుని, బెల్టు పెట్టుకుని కూర్చుంది. తాళంచెవి ఆవిడ గుప్పిట్లో ఉంది. వెనకాల ఒకతను హారన్ కొట్టాడు. పక్క సీట్లో విశ్వనాథం చెమటలు తుడుచుకుంటూ, "తారా, అందరూ చూస్తున్నారే," అని గొణిగాడు. "చూడనివ్వండి," అంది. ఉద్యోగంలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి. పరికరం గురించి ఎవరితోనైనా వాదించాల్సి వస్తే కాగితం పెట్టి వాదించేది. ఇక్కడ కాగితం లేదు. కారుంది, అందులో తనుంది.

"పెద్దమనిషివని ఊకుంటున్న," అన్నాడు పృథ్వీ. మర్యాద ఏకవచనంలోకి దిగింది.

"ఊరుకోకండి. కొలవండి."

కుర్చీలో అమ్మాయి లాప్‌టాప్ మూసింది. "అన్నా, అడుగుతుంది కదా, జర మళ్ళీ సూడున్రి. నా బండిక్కూడా క్యాంబరే అన్నరు. నేను గూడ సూస్త." ఇంకో ఇద్దరు లేచొచ్చి తెర దగ్గర నిలబడ్డారు.

పృథ్వీ ఏదో అనబోయేలోగా సురేష్ వంగి పట్లు విప్పడం మొదలుపెట్టాడు. యజమాని వైపు చూడలేదు. "కారు ఎన్కకు తీయిన్రి మేడం, మళ్ళ సీదా ఎక్కియ్యిన్రి," అన్నాడు నెమ్మదిగా. ఈసారి ఒక్కో పట్టునీ చక్రం అంచుకి ఆనించి, చేత్తో కదిపి చూసి, చక్రం తిప్పి చూసి బిగించాడు. ఎడమ వైపు పట్టు కాలు ఒకటి అరిగిపోయి వాలుగా కూర్చుంటోంది. దాని కింద పెట్టిన గుడ్డముక్క తీసి, సరిపడా మడిచి మళ్ళీ పెట్టి, పట్టు నిటారుగా నిలిచేలా సర్దాడు.

తెర మీద అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. ఎడమ క్యాంబర్ మైనస్ సున్నా పాయింట్ మూడు. ఆకుపచ్చ. కుడిది కూడా ఆకుపచ్చే. టో కూడా సరిగ్గానే ఉంది.

"పది నిమిషాల్లో నా చక్రం దానంతటదే బాగుపడింది," అంది తారామణి కిటికీలోంచి. "ఇందాక జాకీ పెట్టి వంచి ఉంటే ఏమయ్యేది? బాగున్న చక్రాన్ని డబ్బిచ్చి పాడుచేయించుకునేదాన్ని."

ఐటీ అమ్మాయి తన తాళంచెవి బల్ల మీంచి తీసేసుకుంది. పృథ్వీ మొహం ఎర్రబడింది. "మరి బండి ఎందుకు లాగుతుంది? నువ్వే చెప్పు!"

"అది కూడా కనుక్కుని వచ్చి చెబుతాను. ఇవాళ కొలిచినందుకు ఎంత?"

"ఏమొద్దు. పోన్రి."

మూడు వందలు సురేష్ చేతిలో పెట్టి రసీదు అడిగి తీసుకుంది. అతను రసీదుతో పాటు ఒక మాట కూడా ఇచ్చాడు, ఎవరికీ వినపడకుండా. "టైర్లు అటుదిటు మార్చి సూడున్రి మేడం."

నాచారం పారిశ్రామికవాడ గేటు పక్కన చంద్రయ్య పంక్చర్ షాపుంది. ఒక రేకుల కప్పు, ఒక గాలి మిషను, నీళ్ళ తొట్టి. జనగామ నించి వచ్చి పాతికేళ్ళయింది ఆయనకి. తారామణి చెప్పింది పూర్తిగా విని, వంగి టైర్ల పక్కనున్న రాతలు చూశాడు.

"ఇవి ఎటేసినా నడుస్తయమ్మా. ముందు రెండూ మారుస్త. ఇప్పుడు కుడికి గుంజితే తప్పు టైర్ది. ఎడమకే గుంజితే బండిది. గింతే ముచ్చట."

"ఎంతిమ్మంటారు?"

"నూట యాభై ఇయ్యి. టైరు మంచిదని తేల్తే గూడ గంతే, ఖరాబని తేల్తే గూడ గంతే."

టైర్లు మార్చాక మల్లాపూర్ వైపు సమంగా ఉన్న రోడ్డు మీద తారామణి వేళ్ళు స్టీరింగ్ నించి ఒక్క అంగుళం పైకి లేపింది. కారు మెల్లగా కుడికి, డివైడర్ వైపు జరిగింది. మరోసారి చూసింది. కుడికే.

"టైరేనండీ!" అని అరిచింది. విశ్వనాథం ఉలిక్కిపడి లేని బ్రేకు తొక్కాడు.

సోమవారం పొద్దున్న పృథ్వీ షాపు తెరిచేసరికి తారామణి బయటే ఉంది. టైర్లు కొన్న బిల్లు, వారంటీ కాగితం, మూడు వందల రసీదు ఒక ఫైల్లో పెట్టుకుంది. తప్పు టైర్‌దే, మార్చివ్వమని అడిగింది. టైరు కంపెనీవాళ్ళు చూడాలన్నాడు పృథ్వీ. చూడమనండి అంది. నెల పడుతుందన్నాడు. ఏ తేదీయో రాసివ్వమంది. మంగళవారం వచ్చింది, బుధవారం వచ్చింది. వచ్చి గొడవ చెయ్యలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, క్యాంబర్ చేయించుకోవాలని పృథ్వీ చెప్పిన ప్రతి కస్టమర్‌నీ, "రెండోసారి కొలిపించారా?" అని మాత్రం అడిగింది. గురువారం కంపెనీ మనిషి రానే వచ్చాడు. కారు తనే నడిపి చూశాడు, టైరు విప్పించి మిషన్ మీద తిప్పించాడు. తయారీలోనే తేడా ఉందని రాసి, అదే సైజు కొత్త టైరు ఇప్పించాడు. సురేష్ దాన్ని బిగించి, అలైన్‌మెంట్ చూసి పంపాడు. ఈసారి ఎవరూ డబ్బడగలేదు. కారు తిన్నగా వెళ్ళింది.

వెళ్ళేముందు పృథ్వీ ఫోన్ తెచ్చి చూపించాడు. "మేడం, టైర్ ఫ్రీగ మార్చినం గద. జర మంచి రివ్యూ రాయిన్రి, అయిదు స్టార్లు."

"తప్పకుండా రాస్తాను," అని అక్కడే నిలబడి రాసింది. జరిగింది జరిగినట్టు. టైరు తేడాగా ఉంటే మార్చి ఇచ్చారు. చిన్న కారుకి అలైన్‌మెంట్ ఆరు వందలు, అది న్యాయమైన ధరే. మిషన్ పట్టు అరిగిపోయి తప్పు అంకె చూపిస్తే, బాగున్న చక్రానికి క్యాంబర్ పేరుతో మూడు వేల రెండు వందలు అడిగారు. ఈ షాపులో సురేష్ గారు నిజాయితీగా కొలుస్తారు. మీరు వెళితే పట్లు తీయించి రెండోసారి కొలిపించండి, ముందువీ తర్వాతవీ అంకెలు కాగితం మీద అడగండి. రెండు స్టార్లు.

వారం తర్వాత ఒక సాయంత్రం ఇంట్లో విశ్వనాథం ఫోన్ మోగింది. టైర్ల బిల్లు ఆయన నంబరు మీద ఉంది, చేసింది పృథ్వీ. స్పీకర్లోంచి వస్తున్న మాటలు తారామణి వంటింట్లోంచి వింటోంది.

"సార్, మీరు పెద్దమనుషులు. మేడంకి జర చెప్పి ఆ రివ్యూ తీపియ్యిన్రి. రోజుకి పది మంది అదే సదివి అడుగుతున్రు. వచ్చే సారి సర్వీసు మొత్తం ఫ్రీ చేస్త సార్."

విశ్వనాథం సరేనంటాడేమోనని తారామణి స్టవ్ కట్టేసి గుమ్మం దాకా వచ్చింది.

"బాబూ," అన్నాడాయన. "ఆవిడ తియ్యదు. తియ్యమని నేను చెప్పను. ఆ పట్టు కాలు కొత్తది వేయించుకో, ఫ్రీ సర్వీసు కంటే నీకదే చవక."

ఫోన్ పెట్టేసి, తనేమన్నాడో తనకే నమ్మకం కుదరనట్టు భార్య వైపు చూశాడు.